హాజరు పట్టీలో కొట్టేసిన పేరు

స్వర్ణోత్సవాల కోసం పూర్వ విద్యార్థుల జాబితా తయారుచేసే పని ఈసారి నా మీద పడింది. రిటైరైన టీచరుకు ఇంతకన్నా పనేముంటుందని మిత్రులు అనుకున్నట్టున్నారు. మూడు రోజులు బడి ఆఫీసు గదిలో కూర్చుని, చెదలు తినగా మిగిలిన అడ్మిషన్ రిజిస్టర్లు, హాజరు పట్టీలు ముందేసుకుని పేర్లు రాసుకున్నాను. 1972-73 ఆరో తరగతి హాజరు పట్టీలో ఒక పేరు దగ్గర చెయ్యి ఆగింది. జూన్, జూలై నెలల్లో హాజరు నిండుగా ఉంది. ఆగస్టు నుంచి గైర్హాజరు గుర్తులే. అక్టోబరులో ఆ పేరు మీద ఎర్ర సిరాతో ఒక గీత. పక్కన ‘దీర్ఘకాలిక గైర్హాజరు, పేరు తొలగించడమైనది’ అని రాసి ఉంది.

ఆ పిల్లవాడు నా పక్క బెంచీవాడు. చిన్నప్పుడు జ్వరం వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. రెండు మైళ్ల దూరంలోని ఊరి నుంచి వాళ్లన్న సైకిల్ క్యారేజీ మీద కూర్చోబెట్టుకుని తెచ్చేవాడు. వరండాకు నాలుగు మెట్లు. అన్న ఎత్తుకుని లోపల దించి పొలం పనికి పోయేవాడు, సాయంత్రం వచ్చి తీసుకుపోయేవాడు. మధ్యలో ఒంటేలుకు పోవాల్సి వస్తుందని వాడు పగలంతా మంచినీళ్లు ముట్టేవాడు కాదు. ఆగస్టులో అన్నను ఒక ఆసామి దగ్గర జీతానికి పెట్టారు. తమ్ముడి బడి ఆ రోజుతో అయిపోయింది.

వాణ్ని ఎవరూ బడి నుంచి వెళ్లగొట్టలేదు. ఏ సారూ ఒక్క చెడ్డ మాట అనలేదు. రాలేదు కాబట్టి పేరు కొట్టేశారు, రూలు ప్రకారమే చేశారు. ఇప్పుడు మన సంఘం రూలు ఇంకొకటి ఉంది: పదో తరగతి రాసినవాళ్లు, లేదా టీసీ తీసుకుని వెళ్లినవాళ్లు పూర్వ విద్యార్థులు. వాడు పది రాయలేదు, టీసీ తీసుకోలేదు. మరి వాడి పేరు జాబితాలో రాయాలా, వద్దా? ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ, ముప్పై మూడేళ్లు జనగామ, మానుకోట, భూపాలపల్లి ప్రాంతాల బడుల్లో పనిచేసినవాడిగా, వికలాంగ పిల్లల చదువు మన దగ్గర ఎలా నడిచిందో గుర్తున్నంత మేర, చదువుకున్నంత మేర రాస్తున్నాను.

మనం పిలిచిన పేర్లు

మొదట ఒక ఒప్పుకోలు. ఆ మిత్రుణ్ని మేము పేరుతో పిలవలేదు. కుంటోడు, చెవిటిది, నత్తోడు, మెల్లకన్నోడు అని పిలవడమే అప్పుడు అలవాటు. అందులో తప్పుందని ఇంట్లో గానీ బడిలో గానీ ఎవరూ చెప్పలేదు. తర్వాత ప్రభుత్వ కాగితాల్లో ‘అంగవికలురు’ అన్నారు, తర్వాత ‘వికలాంగులు’, ‘ప్రత్యేక అవసరాలు గల పిల్లలు’, ఈ పదేళ్లుగా ‘దివ్యాంగులు’. మాట మారినప్పుడల్లా మర్యాద కొంత పెరిగింది. బడి మెట్లు మాత్రం మాటలతోపాటు తగ్గలేదు. నేను ఈ వ్యాసంలో ‘వికలాంగ పిల్లలు’ అనే రాస్తున్నాను. మా కాలం వాళ్లకు వెంటనే అర్థమయ్యే మాట అది.

చట్టాలు రాకముందు

మా చిన్నతనంలో పల్లెల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించిన వైకల్యం పోలియో వల్ల వచ్చిందే. ప్రతి ఊళ్లో ఒకరిద్దరు ఉండేవారు. చేతులతో నేల మీద పాకుతూ వచ్చేవాళ్లు, మోకాలి మీద చెయ్యి ఆనించి నడిచేవాళ్లు. చూపు లేనివాళ్లకు, వినబడనివాళ్లకు ప్రత్యేక పాఠశాలలంటే హైదరాబాదే గతి. బిడ్డను అంత దూరం హాస్టల్లో వదిలిరావడానికి మన పల్లె తల్లిదండ్రులకు ధైర్యమూ లేదు, డబ్బూ లేదు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు బడి అనే ఆలోచనే లేదు. పశువుల వెంట పంపేవారు, లేదంటే ఇంటి అరుగు మీదే పెరిగేవారు.

ఢిల్లీలో ఆలోచన లేకపోలేదు. 1964-66లో పనిచేసిన కొఠారి కమిషన్ వికలాంగ పిల్లల్ని వీలైనంత వరకు మామూలు బడుల్లోనే చదివించాలని చెప్పింది. 1974లో కేంద్ర ప్రభుత్వం వికలాంగ బాలల సమైక్య విద్యా పథకాన్ని మొదలుపెట్టింది. పుస్తకాలు, యూనిఫాం, రవాణా, పరికరాల ఖర్చు ఇచ్చి పిల్లల్ని సాధారణ బడిలో ఉంచాలన్నది దాని ఉద్దేశం. మొదట సాంఘిక సంక్షేమం కింద నడిచి 1982లో విద్యాశాఖకు మారింది. ఈ ఒక్క మార్పులో పెద్ద సంగతి ఉంది. అప్పటిదాకా వికలాంగ బిడ్డ అంటే సంక్షేమం, సాయం, దయ. విద్యాశాఖకు వచ్చాక కనీసం కాగితం మీద ‘విద్యార్థి’ అయ్యాడు. మా మిత్రుడి పేరు కొట్టేసింది 1972లో. ఆ పథకం ఇంకో రెండేళ్లకు వచ్చింది. వచ్చి ఉన్నా మా బడి దాకా చేరేదని నేను అనుకోను. నేను పదో తరగతి పూర్తిచేసిన 1977 దాకా, ఆ తర్వాత ఉద్యోగంలో చేరిన 1986లో కూడా, ఆ పథకం గురించి ఒక్క మాట వినలేదు.

బయటి ప్రపంచంలోనూ ఇది పాత సంగతేమీ కాదు. వికలాంగ పిల్లలకు ప్రభుత్వ బడిలో చదువు హక్కని అమెరికా చట్టం చేసింది 1975లో. ఇటలీ ప్రత్యేక తరగతులను ఎత్తేసి అందరినీ ఒకే తరగతిలోకి తెచ్చింది 1977లో. అంటే మేము నాలుగు మెట్లెక్కి తరగతికి పోతున్న రోజుల్లోనే ధనిక దేశాలు కూడా మెట్ల గురించి ఆలోచించడం మొదలుపెట్టాయి.

1995 చట్టం, 1996 పథకం

1984లో సికింద్రాబాదులో బుద్ధిమాంద్యుల కోసం జాతీయ సంస్థ ఏర్పడింది. మన ప్రాంతం నుంచి కూడా కొందరు తల్లిదండ్రులు బిడ్డల్ని అక్కడికి తీసుకుపోయి చూపించుకునేవారు. జనగామ, మానుకోట రైలు మార్గం మీద ఉండటం వాళ్లకు కలిసివచ్చింది. భూపాలపల్లి వైపు వాళ్లకు ముందు బస్సు, ఆ తర్వాత రైలు. 1986 జాతీయ విద్యా విధానం వికలాంగుల చదువుకు ఒక భాగం కేటాయించింది. 1992లో వచ్చిన పునరావాస మండలి చట్టంతో ప్రత్యేక ఉపాధ్యాయుల శిక్షణకు ఒక పద్ధతి వచ్చింది.

1994 జూన్‌లో స్పెయిన్‌లోని సాలమాంకా నగరంలో 92 దేశాల ప్రతినిధులు సమావేశమై, పిల్లలందరికీ ఒకే బడి ఉండాలని, బిడ్డ బడికి తగినట్టు మారడం కాదు, బడే బిడ్డకు తగినట్టు మారాలని ప్రకటించారు. మన దేశంలో 1995లో వికలాంగుల చట్టం వచ్చి 1996 ఫిబ్రవరి నుంచి అమలైంది. ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది, 18 ఏళ్ల వరకు ఉచిత విద్య ఇవ్వాలంది. అదే 1996లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం, మనందరికీ అలవాటైన మాటల్లో డీపీఈపీ, మన రాష్ట్రంలో మొదలైంది. మొదటి విడతలో ఎంచుకున్న ఐదు జిల్లాల్లో వరంగల్ ఒకటి. కొత్త గదులు వచ్చాయి, విద్యా వాలంటీర్లు వచ్చారు, మండల వనరుల కేంద్రాలు వచ్చాయి. తర్వాత అందులోనే వికలాంగ పిల్లల సహిత విద్య కూడా చేరింది. ‘బడి బయట ఉన్న పిల్లల’ లెక్క తీయమన్నప్పుడు, ఇల్లిల్లూ తిరిగిన టీచర్లకు అరుగుల మీద కూర్చున్న పిల్లలు మొదటిసారి లెక్కలోకి కనిపించారు.

నేను పంపేసిన అమ్మాయి

ఇక్కడ నా కథ ఒకటి చెప్పాలి. చెప్పుకోదగ్గది కాదు, కానీ చెప్పకపోతే ఈ వ్యాసం రాసే అర్హత నాకు ఉండదు.

అప్పుడు మానుకోట వైపు ఒక తండాకు దగ్గరి ప్రాథమిక పాఠశాలలో ఉన్నాను. ఐదు తరగతులకు ఇద్దరం టీచర్లం. ఒక తల్లి ఏడేళ్ల కూతుర్ని తీసుకొచ్చి చేర్చింది. ఆ పిల్ల పిలిస్తే పలకదు. నేను బోర్డు వైపు తిరిగి చెబుతుంటే కిటికీలోంచి బయటికి చూస్తుంది. తండా పిల్లలకు ఇంట్లో లంబాడీ భాష. మొదటి ఏడాది తెలుగు అర్థం కాక చాలామంది అలాగే ఉంటారు. ఈ పిల్ల కూడా అంతే అనుకున్నాను. ఐదారు నెలలు అలాగే గడిచాయి. ఒకరోజు తల్లే వచ్చి చెప్పింది: “సారూ, మా పొల్లకు సరిగ వినబడది. జర ముందట కూసుండవెట్టుండ్రి.”

నేను ముందు కూర్చోబెట్టలేదు. “ఇక్కడ మాతో కాదమ్మా, హైదరాబాదులో ఇలాంటి పిల్లలకు వేరే బడి ఉంటది, అక్కడికి తీసుకపో” అన్నాను. మంచి మాట చెప్పాననే అనుకున్నాను. మర్నాటి నుంచి ఆ పిల్ల రాలేదు. హైదరాబాదుకూ పోలేదు. మేకల వెంట పోయింది. నేను కూడా ఎర్ర గీత గీశాను. రూలు ప్రకారమే.

ఆ తల్లి అడిగింది ఎంత చిన్నదో తర్వాత శిక్షణల్లో కూర్చున్నాక తెలిసింది. ముందు బెంచీ. పిల్లల వైపు ముఖం పెట్టి మాట్లాడటం. పెదవులు కనిపించేలా నిలబడటం. మాటతోపాటు బొమ్మ, వస్తువు చూపించడం. పైసా ఖర్చు లేదు. వినికిడి పరికరం దొరికే లోపు ఆ నాలుగూ చేసినా ఆ పిల్ల చదువు నిలబడేది. భాష రాకపోవడానికీ వినబడకపోవడానికీ తేడా కనిపెట్టలేకపోయింది నేను. అందుకు మూల్యం కట్టింది ఆమె.

భవిత కేంద్రాలు

2001లో సర్వశిక్షా అభియాన్ వచ్చింది. ‘ఏ బిడ్డనూ కాదనకూడదు’ అన్నది దాని సూత్రం. వైకల్యం ఎలాంటిదైనా, ఎంత ఉన్నా, బడిలోనో ఇంటి దగ్గరో చదువు చెప్పాల్సిందే. ఒక్కో బిడ్డకు ఏడాదికి రూ.1,200 కేటాయించారు. ఆ మొత్తం తర్వాత రూ.3,000 అయింది, 2018లో సమగ్ర శిక్ష వచ్చాక రూ.3,500 అయింది. 2009-10 నుంచి 9వ తరగతి నుంచి 12వ తరగతి వరకూ ఇలాంటి పథకం వచ్చింది. విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. 2012 సవరణతో వికలాంగ పిల్లలు అందులో స్పష్టంగా చేరారు, తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లకు ఇంటి వద్ద చదువుకునే హక్కు కూడా వచ్చింది.

మన మండలాల్లో ఇదంతా కనిపించిన రూపం భవిత కేంద్రం. మండల కేంద్రంలో ఒక గది. అందులో బొమ్మలు, సమాంతర కడ్డీలు, పెద్ద బంతులు, ఫిజియోథెరపీ బల్ల. పనిచేసేవాళ్లు ఐఈఆర్‌పీలు, అంటే సహిత విద్య రిసోర్స్ పర్సన్లు. కొన్ని రోజులు కేంద్రంలో పిల్లలకు పాఠం, కొన్ని రోజులు బడులకు తిరగడం, ఇంకొన్ని రోజులు మంచం దిగలేని పిల్లల ఇళ్లకు పోవడం. ఫిజియోథెరపిస్టు నిర్ణయించిన రోజున వస్తారు. పిల్లల్ని తెచ్చే తల్లులకు రవాణా భత్యం, తోడు వచ్చినందుకు భత్యం. కాన్పూరులోని అలిమ్‌కో సంస్థ శిబిరాలు పెట్టి కొలతలు తీసుకుని మూడు చక్రాల సైకిళ్లు, వినికిడి పరికరాలు, కాలిపర్లు ఇస్తుంది. సదరం శిబిరంలో వైకల్య శాతం తేల్చి సర్టిఫికెట్ ఇస్తారు. పింఛనుకూ, పరీక్షలో రాత సహాయకుడికీ ఆ కాగితమే ఆధారం.

ఈ పని చేసినవాళ్ల గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. నేను చూసిన ఐఈఆర్‌పీలు ఎక్కువమంది కాంట్రాక్టు మీద, తక్కువ జీతానికి, సొంత మోటారు సైకిల్ పెట్రోలు పోసుకుని తిరిగారు. ఒకావిడ మూర్ఛ వచ్చే ఒక పిల్లవాడి ఇంటికి వారం వారం పోయి, మొదటి ఏడాది మొత్తం చెంచాతో అన్నం తినడం మాత్రమే నేర్పింది. “ఇది చదువా?” అని అడిగాను. “సార్, వాళ్లమ్మ ఇప్పుడు కూలికి పోతున్నది. చెల్లె బడికి వస్తున్నది. ఇంతకు ముందు ఇద్దరిలో ఒకరు వాని దగ్గర కూసునేది” అంది. ఒక బిడ్డ చెంచా పట్టుకోవడానికీ ఇంకో బిడ్డ బడికి రావడానికీ సంబంధం ఉందని నాకు బీఈడీలో ఎవరూ చెప్పలేదు.

ఒక జిల్లా, మూడు దారులు

2016 అక్టోబరు 11న, దసరా రోజున, మన వరంగల్ జిల్లా విడిపోయి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి వేర్వేరు జిల్లాలయ్యాయి. మహాదేవపూర్, కాటారం వైపు మండలాలు కరీంనగర్ నుంచి భూపాలపల్లిలో కలిశాయి. గార్ల, బయ్యారం ఖమ్మం నుంచి మానుకోటలో కలిశాయి. 2019లో ములుగు భూపాలపల్లి నుంచి విడిపోయింది. మూడు చోట్లా పనిచేసినవాడిగా ఒకటి చెప్పగలను: చట్టం ఒకటే అయినా కష్టం మూడు రకాలు.

జనగామలో కష్టం వలస. కరువు ఏడాది తల్లిదండ్రులు హైదరాబాదు పోతారు. మామూలు పిల్లల్ని తాత దగ్గర వదిలి పోతారు. వికలాంగ బిడ్డను ముసలివాళ్లు ఎత్తలేరు కాబట్టి వెంట తీసుకుపోతారు. బిడ్డతోపాటు సర్టిఫికెట్, థెరపీ, బడి అన్నీ తెగిపోతాయి. ఇక్కడి హాజరు పట్టీలో పేరు ఉంటుంది, బిడ్డ అక్కడ కడుతున్న బిల్డింగు కింద గుడిసెలో ఉంటుంది.

మానుకోటలో కష్టం తండాలు, భాష. గూడూరు, కొత్తగూడ, గంగారం వైపు ఇళ్లు గుట్టల మధ్య చెదిరి ఉంటాయి. భవిత కేంద్రం మండల కేంద్రంలో ఉంటుంది. బిడ్డను చంకనేసుకుని ఆటో దొరికే దాకా నడవాలి. ఒకరోజు థెరపీకి ఒకరోజు కూలి పోతుంది. భత్యం వచ్చేసరికి నెలలు పడుతుంది. పైగా మాట ఆలస్యమైన బిడ్డను పరీక్షించేవారికి లంబాడీ రాకపోతే, నేను చేసిన తప్పే మళ్లీ జరుగుతుంది.

భూపాలపల్లిలో కష్టం దూరం. ఒకే జిల్లాలో సింగరేణి కాలనీ పిల్లలకు ఆసుపత్రి, రోడ్డు, బస్సు ఉన్నాయి. మహాముత్తారం, పలిమెల వైపు గోదావరి ఒడ్డు అడవి గూడేల పిల్లలకు వానాకాలం వస్తే వాగు దాటడమే పరీక్ష. నడవగల పిల్లలే ఆగిపోయే చోట నడవలేని బిడ్డ గురించి చెప్పేదేముంది?

కొత్త జిల్లాల వల్ల మేలూ జరిగింది. ఇంతకు ముందు కలెక్టరు ఆఫీసన్నా పెద్దాసుపత్రి అన్నా వరంగల్‌కే పోవాలి. 2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామ, భూపాలపల్లిలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. చెవి, ఎముకలు, మానసిక వైద్యం చూసే డాక్టరు బస్సు దూరంలోకి వచ్చారు. బిడ్డ వైకల్యం మూడేళ్లకే బయటపడితే బడి పని సగం తేలికవుతుంది. ఆరేళ్లకు బడి కనిపెట్టాల్సి వస్తే ఆలస్యమైనట్టే.

మెట్లు తగ్గాయి, తరగతి మారలేదు

1995 నుంచి పల్స్ పోలియో ఆదివారాలు వచ్చాయి. మన బడి కూడా చుక్కల మందు కేంద్రమే. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014 మార్చిలో మనది పోలియో లేని ప్రాంతమని ప్రకటించారు. మా మిత్రుడి లాంటి పిల్లలు ఇప్పుడు ఆరో తరగతిలో లేరు. ఇది మా తరం కళ్లారా చూసిన గొప్ప విజయం.

అయితే ర్యాంపులు కట్టడం మొదలైంది సరిగ్గా పోలియో తగ్గిపోయిన కాలంలోనే. ఇప్పుడు బడికి వస్తున్న పిల్లల్లో మెదడు పక్షవాతం, బుద్ధిమాంద్యం, ఆటిజం, చదవడం రాయడంలో ప్రత్యేక ఇబ్బంది ఉన్నవాళ్లు ఎక్కువగా కనిపిస్తున్నారు. 2016 డిసెంబరులో వచ్చి 2017 ఏప్రిల్ నుంచి అమలైన వికలాంగుల హక్కుల చట్టం ఏడింటికి బదులు 21 వైకల్యాలను గుర్తించింది. సికిల్ సెల్, తలసీమియా కూడా అందులో ఉన్నాయి. ఈ పిల్లలకు మెట్లు అడ్డం కాదు. మనం పాఠం చెప్పే తీరే అడ్డం.

మన తెలుగు అక్షరాలనే చూడండి. ప, ష, స, వ పక్కపక్కన పెడితే కొందరు పిల్లలకు నాలుగూ ఒకటే. మ, య కూడా అంతే. ఒత్తులు, గుణింతాలు వచ్చేసరికి అక్షరం పైన ఒక గుర్తు, కింద ఒక గుర్తు. ఏడో తరగతిలోనూ ‘పుస్తకం’ చదవలేని పిల్లవాణ్ని మొద్దు అన్నాం, కొట్టాం. నోటితో అడిగితే వాడే అందరికన్నా ముందు లెక్క చెప్పేవాడు. వాడిది సోమరితనం కాదని, మెదడు అక్షరాన్ని పట్టే తీరు వేరని మాకు తెలిసేసరికి చాలామంది బడి దాటిపోయారు. అక్షరాన్ని ఇసుకలో పెద్దగా రాయించడం, వరుసల మధ్య ఎడం ఉంచడం, రాత పరీక్షతోపాటు నోటి పరీక్ష పెట్టడం, చిన్న గడువు ఎక్కువ ఇవ్వడం: ఇవి చేసిన చోట పిల్లలు నిలబడ్డారు. ఈ పద్ధతుల వల్ల పక్కన కూర్చున్న మిగతా పిల్లలకూ పాఠం బాగానే అందింది.

సాటి టీచర్ల మాట కూడా రాయాలి. “నలభై మందిని పెట్టుకుని ఒక్కరికి ప్రత్యేకంగా ఎట్లా చెప్పాలె? సిలబస్ ఎవరు పూర్తిచేస్తరు?” అని చాలామంది అడిగారు. బద్ధకంతో అడిగిన ప్రశ్న కాదు. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఐదు తరగతుల మధ్య నిలబడ్డ మనిషి అడిగిన ప్రశ్న. మూడు రోజుల శిక్షణతో ఆటిజం ఉన్న బిడ్డను అర్థం చేసుకోమనడం న్యాయం కాదు. అందుకే 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ఈ సంగతి మీద తీర్పు చెప్పి, వికలాంగ పిల్లలకు ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలంది. మన రాష్ట్రంలో 2024 డీఎస్సీ నోటిఫికేషన్‌లోని 11,062 పోస్టుల్లో స్పెషల్ ఎడ్యుకేషన్‌కు 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్‌జీటీ పోస్టులు ఇచ్చారు. చాలవు. కానీ నేను ఉద్యోగంలో చేరినప్పుడు అలాంటి పోస్టు ఉంటుందనే తెలియదు.

మిగిలిన లెక్క

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్లు, అందులో తెలంగాణ ప్రాంతంలో 10 లక్షలకు పైగా. 5 నుంచి 19 ఏళ్ల మధ్య వికలాంగుల్లో 61 శాతం మంది చదువుతున్నారు. 27 శాతం మంది అసలు ఏ బడి గడపా తొక్కలేదు. మిగిలిన 12 శాతం మంది కొన్నాళ్లు వచ్చి ఆగిపోయారు. నా మిత్రుడిది, ఆ తండా అమ్మాయిది ఆ 12 శాతం కథ. చేర్చుకోవడం గురించి మనం చాలా మాట్లాడాం. నిలబెట్టుకోవడం గురించి తక్కువ మాట్లాడాం.

ఇప్పుడు పేర్లు కొట్టేయడం లేదు. దానికి బదులు ఇంకో జబ్బు వచ్చింది. పేరు పట్టీలో ఉంటుంది, పథకం లెక్కలో ఉంటుంది, బిడ్డ ఇంట్లో ఉంటుంది. ఎనిమిదో తరగతి దాటాక హైస్కూలు దూరం కావడంతో ఆగిపోయేవాళ్లు ఎక్కువ. ఆడపిల్లల సంగతి మరీ కష్టం. వాళ్లకు వీలైన మరుగుదొడ్డి లేక పెద్దమనిషి అయిన నాటి నుంచి మానిపించిన తల్లుల్ని నేను చూశాను. మా మిత్రుడు నీళ్లు తాగకుండా కూర్చున్న 1972కూ దీనికీ నాకు పెద్ద తేడా కనిపించదు.

సంఘానికి నా మనవి

జాబితా పని అయిపోయాక ఆ మిత్రుణ్ని వెతుక్కుంటూ వాళ్ల ఊరికి పోయాను. సెంటర్లో చిన్న సైకిల్ షాపు. ఇప్పుడు సైకిళ్లు తక్కువ, టూవీలర్ పంక్చర్లు ఎక్కువ. చూడగానే గుర్తుపట్టాడు. “ఏం రా, సారువైనవట గద!” అన్నాడు. చాయ్ తెప్పించాడు. హాజరు పట్టీ ఫోటో ఫోనులో చూపించాను. చదవడం మరిచిపోలేదు. పేరు మీది గీతను వేలితో తడిమి, “జూన్ల ఒక్కరోజు గూడ తప్పలే సూడు” అన్నాడు. అన్న ఏమయ్యాడని అడిగాను. రెండేళ్ల కింద పోయాడట. ఉత్సవానికి రమ్మన్నాను. “వస్త గని, ఆ మెట్లు అట్లనే ఉన్నయా?” అన్నాడు.

ఉన్నాయి. ముందు గదులకు ర్యాంపు కట్టారు, నిజమే. కానీ అది సైకిల్ స్టాండుగా మారింది, మొదట్లో గేటు, చివర్లో గడప. పాత బ్లాకు నాలుగు మెట్లు అలాగే ఉన్నాయి. సభ కోసం వేసే వేదికకు ఐదు మెట్లు అని టెంటు హౌసు వాళ్లు రాసిచ్చారు.

స్వర్ణోత్సవ గుర్తుగా బడి ముందు ఆర్చి కట్టించాలని సంఘం తీర్మానించింది. నేనూ సంతకం పెట్టాను. ఇప్పుడు ఆ తీర్మానాన్ని మళ్లీ చర్చకు పెట్టమని కోరుతున్నాను. ఆ డబ్బుతో పాత బ్లాకుకు పట్టుకోవడానికి కడ్డీలున్న ర్యాంపు, చక్రాల కుర్చీ లోపల తిరిగేంత వెడల్పున్న మరుగుదొడ్డి ఒకటి కట్టవచ్చు. మిగిలిన దానితో, ప్రభుత్వ భత్యం ఆలస్యమైన నెలల్లో పిల్లల్ని తెచ్చే ఆటో కిరాయి కట్టవచ్చు. డాక్టర్లైన మన పూర్వ విద్యార్థులు ఏడాదికి రెండుసార్లు వచ్చి ఒకటో తరగతి పిల్లల కళ్లు, చెవులు చూస్తే, నా లాంటి టీచరు చేసిన తప్పు ఇంకొకరు చేయకుండా ఉంటారు. ఇప్పుడు బడిలో పనిచేస్తున్న ఉపాధ్యాయ మిత్రులకు ఒక్కటే చెబుతాను: తల్లి ‘ముందు కూర్చోబెట్టండి’ అంటే కూర్చోబెట్టండి. మిగతా సంగతి తర్వాత చూడవచ్చు.

జాబితా అచ్చుకు ఇచ్చేశాను. 1972-73 ఆరో తరగతి వరుసలో ఆ పేరు రాశాను. రూలు ప్రకారం కాదని తెలుసు. కార్యవర్గం అభ్యంతరం చెబితే సర్వసభ్య సమావేశంలో జవాబు చెప్పుకుంటాను. వేదిక మాత్రం ఈసారి నేల మీదే వేయమని టెంటు హౌసు వాళ్లకు చెప్పి వచ్చాను.